ఈయూలో ఉండాలా, బయటికి రావాలా? సోషలిస్టు ఓటరు ముందున్న మూడు దారులు

2016 జూన్ 23న బ్రిటన్ ఓటర్ల చేతికిచ్చిన బ్యాలెట్ కాగితం మీద రెండే గళ్లున్నాయి. యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో కొనసాగాలి అనేది ఒకటి, బయటికి వచ్చెయ్యాలి అనేది ఇంకొకటి. కార్మికుల పక్షాన ఆలోచించేవాళ్లకి ఈ రెండూ సొంత మాటలు కావు. ఈయూ ఒప్పందాల్లో పెట్టుబడికి పీట వేశారు. బయటికి రమ్మని పిలుస్తున్న గొంతుల్లో గట్టిగా వినిపించినవి వలస వచ్చినవాళ్లని తరిమేద్దామన్న గొంతులు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా ఓటు వెయ్యాలి, లేదంటే ఎందుకు వెయ్యట్లేదో చెప్పుకోవాలి.

బ్రిటిష్ వామపక్షం అప్పుడు మూడు దారులు పట్టింది. బయటికి రావాలని కొందరు, లోపలే ఉండి మార్చుకుందామని కొందరు, రెండూ మనవి కావు కాబట్టి ఓటే వద్దని ఇంకొందరు. మళ్లీ చేరాలా అన్న చర్చ బ్రిటన్‌లో ఇంకా ఆగలేదు కాబట్టి ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడటం పాత కథ తవ్వడం కాదు.

ఇందులో మనవాళ్లకి నేరుగా సంబంధం ఉంది. చట్టబద్ధంగా బ్రిటన్‌లో నివసించే కామన్వెల్త్ పౌరులకి అక్కడ ఓటు హక్కు ఉంటుంది. కాబట్టి భారత పాస్‌పోర్టుతో లండన్‌లోనో లెస్టర్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాళ్లు కూడా ఆ రెఫరెండంలో ఓటెయ్యగలిగారు. అదే వీధిలో పన్నెండేళ్లుగా ఇళ్లు కడుతున్న పోలండ్ మేస్త్రీకి మాత్రం ఓటు లేదు. ఈ తేడా దగ్గరికి మళ్లీ వస్తాను.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఈయూ మంచిదా చెడ్డదా అని మొదలుపెడితే ఎటూ తేలదు. ఈ పక్షం గెలిస్తే మర్నాడు పగ్గాలు ఎవరి చేతికి వెళ్తాయి అని మొదలుపెట్టాలి. ఆ లెక్కన ఒకే సోషలిస్టు ఒక ఏడాది "వద్దు" అనొచ్చు, ఇంకో ఏడాది "ఉందాం" అనొచ్చు. అందులో తప్పేమీ లేదు.

బయటికి రావాలన్న వాదన

లెఫ్ట్, ఎగ్జిట్ అన్న మాటలు కలిపి దీనికి లెగ్జిట్ అని పేరొచ్చింది. కమ్యూనిస్ట్ పార్టీ ఆఫ్ బ్రిటన్, సోషలిస్ట్ వర్కర్స్ పార్టీ, సోషలిస్ట్ పార్టీ, మార్నింగ్ స్టార్ దినపత్రిక ఈ వైపు నిలబడ్డాయి. కార్మిక సంఘాల్లో రైల్వే, రవాణా కార్మికుల ఆర్ఎంటీ, రైలు డ్రైవర్ల అస్లెఫ్, బేకరీ కార్మికుల సంఘం కూడా ఇటే. వీళ్లని జాత్యహంకారుల తోకలని కొట్టిపారేసినవాళ్లు చాలామంది ఉన్నారు. అది అన్యాయం. వీళ్ల వాదనలో గట్టి సరుకుంది.

అందులో అన్నిటికన్నా బలమైన ముక్క స్వీడన్‌లోని వాక్స్‌హోమ్ అనే చిన్న ఊళ్లో, ఒక స్కూలు భవనం కట్టే చోట మొదలైంది. 2004లో ఆ పని లాట్వియాకి చెందిన లావల్ అనే కంపెనీ చేతికొచ్చింది. కార్మికుల్ని లాట్వియా నుంచే తెచ్చుకుంది. స్వీడన్‌లో సంఘాలకీ యజమానులకీ మధ్య ఉండే వేతన ఒప్పందం మీద సంతకం పెట్టనంది. భవన నిర్మాణ కార్మికుల సంఘం సైటుని దిగ్బంధం చేసింది. సంఘీభావంగా ఎలక్ట్రీషియన్లు కూడా అక్కడ పని మానేశారు. కంపెనీ కోర్టుకెక్కింది. 2007 డిసెంబర్‌లో యూరోపియన్ కోర్టు తీర్పు చెప్పింది: సమ్మె ప్రాథమిక హక్కే, కానీ ఈ దిగ్బంధం కంపెనీకున్న సేవలందించే స్వేచ్ఛకి అడ్డం. ఆ తర్వాత స్వీడన్ లేబర్ కోర్టు ఆ సంఘాల చేతే నష్టపరిహారం కట్టించింది. తక్కువ కూలికి ఒప్పుకోనందుకు కార్మిక సంఘం జరిమానా కట్టిందన్నమాట.

అదే నెలలో వైకింగ్ అనే ఓడల కంపెనీ కేసు తీర్పు కూడా వచ్చింది. హెల్సింకి, టాలిన్ మధ్య తిరిగే రోజెల్లా అనే ఫెర్రీకి ఫిన్లాండ్ జెండా దింపి ఎస్టోనియా జెండా కడితే సిబ్బందికి తక్కువ జీతాలిచ్చి నడపొచ్చని యజమాని ఎత్తు. నావికుల సంఘం అడ్డుపడింది. ఇక్కడ కూడా కోర్టు, సమ్మె అవసరానికి మించి యజమాని స్వేచ్ఛని దెబ్బతీయకూడదని గీత గీసింది. ఎంత సమ్మె అవసరమో తేల్చేది జడ్జీలు.

ఈ రెండు తీర్పులూ చదివాక, ఈయూ పుట్టుకతోనే కార్మికుల పక్షమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను. పైగా ఇవి ఒప్పందాల్లోని ప్రాథమిక స్వేచ్ఛల మీద ఆధారపడ్డ తీర్పులు. ఒప్పందం మార్చాలంటే సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి. ఒక దేశంలో సోషలిస్టులు గెలిస్తే చాలదు.

గ్రీస్ అనుభవం ఈ వాదనకి ఇంకో స్తంభం. 2015 జనవరిలో అక్కడి ఎన్నికల్లో వామపక్ష పార్టీ సిరిజా గెలిచింది. జూన్ చివర్లో యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ గ్రీక్ బ్యాంకులకిచ్చే అత్యవసర నిధులు పెంచనంది. బ్యాంకులు మూతపడ్డాయి. ఏటీఎంలో రోజుకి 60 యూరోలే. పింఛన్ల కోసం ముసలివాళ్లు బ్యాంకుల ముందు బారులు తీరారు. ఆ టెన్షన్‌లోనే జులై 5న జరిగిన రెఫరెండంలో జనం 61.3 శాతం ఓట్లతో అప్పులిచ్చినవాళ్ల షరతులకి వద్దని చెప్పారు. వారం తిరిగేసరికి ప్రభుత్వం అంతకన్నా గట్టి షరతులకి సంతకం పెట్టింది. ఒక దేశపు ఓటుని బ్యాంకు ఎలా మెడలు వంచగలదో యూరప్ అంతా చూసింది.

మరి ఇంత బలం ఉన్న వాదన 2016లో ఎందుకు తప్పుదారి అయిందంటాను? రెండు కారణాలు.

మొదటిది, సార్వభౌమత్వం వస్తే చాలు, మిగతావన్నీ వాటంతటవే వస్తాయన్న లెక్క. పోర్ట్ టాల్బట్ ఉక్కు ఫ్యాక్టరీ సంగతి చూడండి. 2016 మార్చిలో టాటా స్టీల్ తన బ్రిటన్ వ్యాపారాన్ని అమ్మకానికి పెడతానంది. ప్రభుత్వం ఆదుకోలేకపోవడానికి ఈయూ నిబంధనలే కారణమని లెగ్జిట్ మిత్రులు ప్రచారం చేశారు. నిబంధనలున్న మాట నిజమే. కానీ చౌకగా వచ్చిపడుతున్న చైనా ఉక్కు మీద మరింత గట్టి సుంకాలు వేసేలా నిబంధనలు మార్చాలని ఈయూ చూసినప్పుడు అడ్డుపడ్డ దేశాల్లో ముందు వరసలో ఉన్నది బ్రిటన్ ప్రభుత్వమే. బ్రిటన్ బయటికి వచ్చేసింది. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ టాల్బట్‌లో చివరి బ్లాస్ట్ ఫర్నేస్ ఆగిపోయింది. కొత్త ఎలక్ట్రిక్ ఫర్నేస్‌కని ప్రభుత్వం 50 కోట్ల పౌండ్లు ఇస్తానన్నా, 2,800 దాకా ఉద్యోగాలు పోతాయని కంపెనీ ప్రకటించింది. విశాఖ ఉక్కు పోరాటం చూసినవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. 2021 జనవరిలో ఆ ఫ్యాక్టరీలో నూరు శాతం వాటా అమ్మేయడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్న ఢిల్లీ మీద, ఈయూకి కేంద్రమైన బ్రస్సెల్స్ లాంటిదేదీ లేదు.

రైళ్ల విషయం కూడా అంతే. ఈయూ రైల్వే నిబంధనలు ప్రైవేటు పోటీ వైపు నెడతాయన్నది నిజం. అయినా ఈయూలో ఉండగానే, ప్రైవేటు కంపెనీ చేతులెత్తేసినప్పుడు 2009 నుంచి 2015 దాకా ఈస్ట్ కోస్ట్ రైళ్లని ప్రభుత్వమే నడిపింది. దాన్ని మళ్లీ ప్రైవేటుకి అప్పగించింది కూడా లండన్ ప్రభుత్వమే.

రెండో కారణం పెద్దది. గెలుపు ఎవరిదవుతుంది? 2016లో బయటికి వచ్చే పక్షాన్ని నడిపింది కన్సర్వేటివ్ నాయకులు బోరిస్ జాన్సన్, మైకేల్ గోవ్, వలసల్ని వ్యతిరేకించే యూకిప్ పార్టీ నాయకుడు నైజెల్ ఫరాజ్. లెగ్జిట్ సభలు చిన్న హాళ్లలో జరిగాయి. ఫిబ్రవరిలో వామపక్ష మాజీ ఎంపీ జార్జ్ గాలోవే ఏకంగా ఫరాజ్ పాల్గొన్న వేదికే ఎక్కాడు. జూన్ 16న ఫరాజ్ శరణార్థుల బారు ఫొటోతో పోస్టర్ విడుదల చేశాడు. అదే రోజు మధ్యాహ్నం బర్‌స్టల్‌లో లేబర్ ఎంపీ జో కాక్స్‌ని ఒక శ్వేతజాతి దురహంకారి హత్య చేశాడు. ఆ వారంలో ఎవరైనా "నా ఓటు వేరే అర్థంలో" అంటే లెక్కపెట్టేవాళ్లకి ఆ అర్థం ఎక్కడ కనిపిస్తుంది? గడిలో గుర్తు ఒకటే.

లోపలే ఉండి మార్చుకుందామన్న వాదన

లేబర్ పార్టీ, బ్రిటన్ సంఘాల సమాఖ్య టీయూసీ, పెద్ద సంఘాలైన యునైట్, యూనిసన్, జీఎంబీ ఈ వైపు ఉన్నాయి. గ్రీస్ ఆర్థిక మంత్రిగా బ్రస్సెల్స్ చేతిలో అందరికన్నా ఎక్కువ దెబ్బలు తిన్న యానిస్ వరౌఫాకిస్ కూడా బ్రిటన్ వచ్చి ఉండిపొమ్మనే ప్రచారం చేశాడు. అంతటి అనుభవం ఉన్న మనిషి అలా అన్నాడంటే, లెగ్జిట్ మిత్రులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సింది.

ఈ పక్షానికి చేతిలో ఉన్నవి చట్టాలు. వారానికి 48 గంటల పని పరిమితి, జీతంతో కూడిన సెలవులు ఈయూ ఆదేశం నుంచి వచ్చినవే. అంతకుముందు బ్రిటన్‌లో కార్మికులందరికీ వర్తించే జీతపు సెలవు హక్కు చట్టంలోనే లేదు. కన్సర్వేటివ్ ప్రధాని జాన్ మేజర్ ప్రభుత్వం ఆ ఆదేశాన్ని తప్పించుకోవడానికి యూరోపియన్ కోర్టుకెళ్లి 1996లో ఓడిపోయింది. 1998లో అమల్లోకి వచ్చింది. కంపెనీ చేతులు మారినా పాత జీతం, షరతులు కొనసాగాలన్న రక్షణ, ఏజెన్సీ కార్మికులకి సమాన వేతనం కూడా అక్కడి నుంచి వచ్చినవే.

అందుకే 1988 సెప్టెంబర్‌లో యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు జాక్ డెలోర్ బోర్న్‌మత్‌లో టీయూసీ మహాసభకొచ్చి సామాజిక యూరప్ గురించి మాట్లాడితే, ప్రధాని థాచర్ చేతిలో దశాబ్దం పాటు చితికిపోయిన సంఘాలు లేచి చప్పట్లు కొట్టాయి. పన్నెండు రోజుల తర్వాత థాచర్ బ్రూజ్ వెళ్లి దానికి ఎదురు ప్రసంగం చేసింది. అంతదాకా ఈయూ వద్దన్న వామపక్షంలో చాలామంది ఆ పదిహేను రోజుల్లోనే మనసు మార్చుకోవడం మొదలుపెట్టారు.

లావల్ తీర్పు సంగతేంటని అడగొచ్చు. సంఘాలు ఏళ్ల తరబడి పోరాడగా, 2018లో ఈయూ చట్టం మారింది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపిన కార్మికులకి అక్కడి స్థానిక వేతన నిబంధనలే వర్తించాలన్నారు. పదకొండేళ్లు పట్టింది. తీర్పు పునాది ఇంకా ఒప్పందంలోనే ఉంది. కాబట్టి "మార్చలేం" అన్నదీ పూర్తిగా నిజం కాదు, "మార్చేశాం" అన్నదీ నిజం కాదు. 2022లో కనీస వేతనాల ఆదేశం, 2024లో యాప్‌ల కింద పనిచేసే డెలివరీ, క్యాబ్ కార్మికుల ఆదేశం వచ్చాయి. హైదరాబాద్‌లో డెలివరీ బ్యాగు మోసే కుర్రాళ్లు కోరుతున్న దానికి ఈ రెండోది చాలా దగ్గర.

ఈ పక్షపు బలహీనత వాదనలో లేదు, ముఖంలో ఉంది. అధికారిక రిమెయిన్ (ఉండిపోదామనే) ప్రచారానికి అధ్యక్షుడు ఒకప్పుడు మార్క్స్ అండ్ స్పెన్సర్‌ని నడిపిన వ్యాపారవేత్త. ముందు నిలబడింది ప్రధాని కామెరాన్, ఆర్థిక మంత్రి ఆస్‌బోర్న్. ఆరేళ్లుగా లైబ్రరీలు మూసి, వికలాంగుల సాయం కోసి, పొదుపు పేరుతో నడ్డి విరిచినవాళ్లు వచ్చి, బయటికెళ్తే మీ బతుకు చెడిపోతుందని బెదిరిస్తే ఎవరు వింటారు? పోలింగ్‌కి వారం ముందు ఆస్‌బోర్న్ 3,000 కోట్ల పౌండ్ల కోతలు, పన్నుల అత్యవసర బడ్జెట్ పెడతానన్నాడు. అది ఓట్లు తేవడం మాట అటుంచి, ఉన్నవి పోగొట్టి ఉంటుందని నా నమ్మకం. యూరప్‌కి కార్లు పంపే నిస్సాన్ ఫ్యాక్టరీ ఉన్న సండర్‌లాండ్‌లో 61 శాతం బయటికే వేశారు. ఈయూ నిధులు దండిగా అందిన వేల్స్ బొగ్గు లోయల్లోని బ్లైనై గ్వెంట్‌లో 62 శాతం.

అప్పటి లేబర్ నాయకుడు జెరెమీ కోర్బిన్‌ని ఈయూ మీద నీకెంత మోజని టీవీలో అడిగితే పదికి ఏడు, ఏడున్నర అన్నాడు. 1975లో వద్దని ఓటేసి, ఈయూకి పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందానికి వ్యతిరేకంగా పార్లమెంటులో ఓటేసిన మనిషి అంతకన్నా చెప్తే అబద్ధమయ్యేది. ఆయన నిజం చెప్పాడు. కాకపోతే ఆ "మార్చుకుందాం" అన్న సగానికి ఒక కార్యక్రమం, ఒక జెండా, వీధిలో వినిపించే నినాదం ఏవీ లేకపోయాయి.

ఓటే వద్దన్న వాదన

దీని గురించి ఎక్కువ చెప్పను. గ్రేట్ బ్రిటన్ సోషలిస్ట్ పార్టీ (పైన చెప్పిన సోషలిస్ట్ పార్టీ కాదు, ఇది వేరు) ఎప్పటిలాగే రెండూ పెట్టుబడి పక్షాలేనంది. ఓటు చెల్లకుండా రాసి రమ్మంది. ఇంకో చిన్న కమ్యూనిస్టు బృందం బహిష్కరించమంది. ఈ ఆలోచనకి పాత మూలాలున్నాయి. 1915లో లెనిన్, పెట్టుబడిదారీ వ్యవస్థలో యూరప్ సంయుక్త రాష్ట్రాలంటే అసాధ్యమో అభివృద్ధి నిరోధకమో అవుతుందని రాశాడు. 2015లో గ్రీస్ కమ్యూనిస్ట్ పార్టీ కూడా రెండు పక్షాలకీ వద్దని చెప్తూ, చెల్లని ఓటు వెయ్యమని తన వాళ్లకి చెప్పింది.

సిద్ధాంతం శుభ్రంగానే ఉంది. లెక్క మాత్రం ఇది: 2016లో పోలైన సుమారు 3 కోట్ల 35 లక్షల ఓట్లలో చెల్లనివి పాతిక వేల చిల్లర. అందులో పొరపాటున చెడినవెన్నో, పట్టుదలతో చెరిపినవెన్నో ఎవరూ విడదీయలేరు. గ్రీస్ కమ్యూనిస్టుల్లాగా ఫ్యాక్టరీల్లో, రేవుల్లో పాతుకున్న సంఘబలం ఉన్న పార్టీ చెల్లని ఓటుకి పిలుపిస్తే అది రాజకీయ ప్రకటన అవుతుంది. ఒంటరి ఓటరు చేస్తే అది ఎవరికీ అందని ఉత్తరం. మీ వెనక అలాంటి సంస్థ లేకపోతే ఈ దారి పట్టొద్దు.

ఒకే ప్రశ్నలా కనిపించే నాలుగు ప్రశ్నలు

పైపైన చూస్తే 1975 బ్రిటన్, 2005 ఫ్రాన్స్, 2015 గ్రీస్, 2016 బ్రిటన్ ఒకే కథ. దగ్గరగా చూస్తే ఒక్కోదాంట్లో పందెం వేరు.

1975 జూన్ 5న ప్రశ్న యూరోపియన్ కమ్యూనిటీలో, అంటే కామన్ మార్కెట్‌లో ఉండటం గురించి. లేబర్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ ఉందామన్నాడు, ప్రతిపక్ష కన్సర్వేటివ్ నాయకురాలు థాచర్ కూడా అదే అంది. లేబర్ ప్రత్యేక మహాసభ దాదాపు రెండింతల ఓట్లతో వద్దంది. మంత్రివర్గంలోనే టోనీ బెన్, మైకేల్ ఫుట్, బార్బరా కాసిల్ వద్దని ప్రచారం చేశారు. బెన్ అప్పుడు పరిశ్రమల మంత్రి. దిగుమతుల నియంత్రణ, పెద్ద కంపెనీలతో ప్రణాళికా ఒప్పందాలు, ప్రభుత్వ వాటాలు అంటూ లేబర్ వామపక్షం చేతిలో కార్యక్రమం ఉంది, కుర్చీ కూడా ఉంది. "వద్దు" గెలిస్తే బలపడేది వాళ్లే. ఓడిపోయారు, 67.2 శాతం ఉందామన్నారు. ఆ నెలలోనే విల్సన్ బెన్‌ని పరిశ్రమల శాఖ నుంచి తప్పించి ఇంధన శాఖకి పంపేశాడు. ఓటు ఫలితం వల్ల పగ్గాలు ఎలా చేతులు మారతాయో ఇంతకన్నా స్పష్టంగా కనపడదు. వలసల్ని ద్వేషించే ఎనోక్ పావెల్ లాంటివాళ్లు కూడా "వద్దు" వైపే ఉన్న మాట నిజమే గానీ, అప్పుడు ఓటుంటే నేను బెన్ వైపే వేసేవాణ్ని.

2005 మే 29న ఫ్రాన్స్ ముందున్నది సభ్యత్వం కాదు, యూరోపియన్ రాజ్యాంగ ఒప్పందం. దాని పాఠాన్ని ఇంటింటికీ పంపారు. జనం చదివారు. అడ్డూ అదుపూ లేని పోటీని రాజ్యాంగంలోకి ఎక్కించడమేంటని ఊరూరా కమిటీలు పెట్టి చర్చించారు. సోషలిస్ట్ పార్టీ నాయకత్వం అవునంటే, దాని నాయకుడే అయిన లొరాన్ ఫాబియుస్ కాదన్నాడు. కమ్యూనిస్టులు, కార్పొరేట్ ప్రపంచీకరణని వ్యతిరేకించే అటాక్ లాంటి సంస్థలు సొంత జెండాతో సొంత ప్రచారం నడిపాయి. 54.7 శాతంతో "కాదు" గెలిచింది. తీవ్ర మితవాది లె పెన్ కూడా కాదనే అన్నాడు, కానీ ఆ గెలుపు మీద అతని ముద్ర ఒక్కటే పడలేదు. "కాదు" గెలిచినందువల్ల ఏ వలస కార్మికుడి హక్కూ పోలేదు. అక్కడ కాదనడమే సరైన పని. తర్వాత చాలా భాగాన్ని లిస్బన్ ఒప్పందం పేరుతో తిరిగి తెచ్చి, రెఫరెండం లేకుండా పార్లమెంటుతో ఆమోదింపజేసుకున్నారు. అది జనం తప్పు కాదు.

గ్రీస్ గురించి పైన చెప్పాను. అక్కడ వద్దనడం సరైనదే. లోపం ఓటులో లేదు. బ్యాంకులు మూస్తే ఏం చేస్తాం, యూరో పోతే ఏ డబ్బుతో మందులు కొంటాం అన్నదానికి ప్రభుత్వం దగ్గర సిద్ధంగా జవాబు లేకుండా పోలింగ్ పెట్టడంలో ఉంది. సొంత కరెన్సీ ఉన్న దేశానికీ లేని దేశానికీ ఈ ఓటు ఒకటి కాదు.

నార్వే 1972లో, 1994లో రెండుసార్లు చేరనని చెప్పింది. 1994లో 52.2 శాతం. అక్కడి సోషలిస్ట్ లెఫ్ట్ పార్టీ, రైతులు, మత్స్యకారులు కలిసి నడిపిన ప్రచారం అది. లేబర్ ప్రధాని బ్రుంట్‌లాండ్ చేరదామన్నా వినలేదు. అయినా యూరోపియన్ ఆర్థిక ప్రాంతంలో ఉండటం వల్ల ఒకే మార్కెట్ నిబంధనల్లో ఎక్కువ భాగం పాటిస్తోంది, అవి రాసేటప్పుడు ఓటు మాత్రం లేదు. బయట ఉంటే నిబంధనల బెడద పూర్తిగా తప్పుతుందనుకునేవాళ్లు ఇది గమనించాలి.

ఓటు లేనివాళ్లు

ఇప్పుడు ఆ పోలండ్ మేస్త్రీ దగ్గరికి వద్దాం. 2016లో ఇతర ఈయూ దేశాల నుంచి వచ్చి బ్రిటన్‌లో ఉంటున్నవాళ్లు సుమారు 30 లక్షలు. ఐర్లాండ్, మాల్టా, సైప్రస్ వాళ్లకి తప్ప మిగతావాళ్లకి తమ బతుకు తేల్చే ఓటులో పాత్ర లేదు. అదే సమయంలో లీవ్ (బయటికి రావాలనే) ప్రచారకులు దక్షిణాసియా ఓటర్ల దగ్గరికొచ్చి, యూరప్ నుంచి రావడం ఆగితే మీవాళ్లకి వీసాలు తేలికవుతాయని, కర్రీ హోటళ్లకి వంటవాళ్లు దొరుకుతారని ఆశ పెట్టారు. ఒక వలస కార్మికుణ్ని ఇంకో వలస కార్మికుడి మీదికి ఉసిగొల్పే మాట అది. సోషలిస్టునని చెప్పుకునేవాళ్లు దాన్ని అక్కడే తిప్పికొట్టాలి.

ఆ తర్వాత ఏం జరిగిందో మనవాళ్లే ఎక్కువ చూశారు. 2021లో చదువు తర్వాత ఉండే గ్రాడ్యుయేట్ వీసా, 2022లో వృద్ధుల సంరక్షణ పనులకి వీసా తెరిచారు. సంరక్షణ పనికొచ్చినవాళ్ల వీసా యజమాని స్పాన్సర్‌షిప్‌కి ముడిపడి ఉంటుంది. యజమాని వదిలేస్తే కొత్త స్పాన్సర్ కోసం గడువు పెట్టుకుని పరుగెత్తాలి. ఆ భయంతో తక్కువ జీతానికీ, ఎక్కువ గంటలకీ తల ఊపినవాళ్లెందరో. 2024 మార్చిలో కుటుంబాన్ని తెచ్చుకోవద్దన్నారు. 2025 జులైలో విదేశాల నుంచి ఆ పనికి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. ఈయూ కార్మికుడికి ఉద్యోగం మారినా దేశంలో ఉండే హక్కు పోయేది కాదు. ఆ హక్కున్న సాటి కార్మికుణ్ని కిందికి లాగితే మన హక్కు పైకి లేవలేదు.

ఇక బ్రిటన్ కార్మికుల సంగతి. 2022 మార్చి 17న పీ అండ్ ఓ ఫెర్రీస్ 786 మంది నావికుల్ని ముందస్తు నోటీసు లేకుండా, రికార్డు చేసిన వీడియో సందేశంతో ఉద్యోగాల్లోంచి తీసేసింది. సంఘాలతో సంప్రదించాలన్న చట్టాన్ని తెలిసే పక్కన పెట్టామని కంపెనీ అధిపతి ఎంపీల కమిటీ ముందు ఒప్పుకున్నాడు. ఇదంతా బ్రెగ్జిట్ వల్లే అనను. నావికుల చట్టాల్లో లొసుగులు ముందు నుంచీ ఉన్నాయి. కానీ నియంత్రణ మన చేతికి తెచ్చుకుందామని గెలిచిన ప్రభుత్వం ఆ 786 మందికి ఉద్యోగాలు తిరిగి ఇప్పించలేదు. మరుసటి ఏడాది సమ్మెల్లో కూడా కనీస సేవలు నడపాలంటూ సంఘాల మీద కొత్త చట్టం తెచ్చింది. పగ్గాలు ఎవరి చేతికి వెళ్లాయన్నదే నా మొదటి ప్రశ్న ఎందుకంటే ఇందుకే.

మళ్లీ చేరాలా అన్న ఓటు వస్తే

2016లో నా లెక్క ప్రకారం సోషలిస్టు ఓటు ఉండిపోవడానికే, అది కూడా కామెరాన్ వేదికకి దూరంగా, సంఘాల సొంత ప్రచారంతో. ఇంకో ఓటు వస్తే అదే జవాబు గుడ్డిగా తిప్పి రాయొద్దు.

ముందు కాగితం మీద ఏముందో చూడాలి. పాత సభ్యత్వంలో బ్రిటన్‌కి యూరో నుంచి మినహాయింపు ఉండేది. కొత్తగా చేరే దేశం యూరో తీసుకుంటానని మాటివ్వాలి. స్వీడన్ 2003లో రెఫరెండంలో కాదని ఇప్పటికీ సొంత కరెన్సీతోనే నెట్టుకొస్తోంది కాబట్టి దారి లేకపోలేదు. అయినా గ్రీస్‌ని చూసినవాళ్లు ఈ ఒక్క షరతు మీద పట్టు వదలకూడదు. యూరో గడువుతో ముడిపెట్టిన సభ్యత్వమైతే నేను వెనక్కి తగ్గుతాను. సొంత కరెన్సీ ఉంచుకుని, కార్మిక చట్టాలు, స్వేచ్ఛగా తిరిగే హక్కు తిరిగి వచ్చే సభ్యత్వమైతే చేరమనే వేస్తాను.

ఆ తర్వాత, మీ సంఘం తన పేరుతో ప్రచారం చేసే స్థితిలో ఉందా చూడండి. ఉంటే ఏ పక్షమైనా మీ మాట వినపడుతుంది. లేకపోతే మీ ఓటు పెద్ద గొంతులో కలిసిపోతుంది కాబట్టి, ఆ పెద్ద గొంతు ఎవరిదో ఇంకా జాగ్రత్తగా చూడాలి. నాతో ఏకీభవించక బయటే ఉండాలనే సోషలిస్టులకి ఒక్క విన్నపం: వలసదారుల మీద ఒక్క మాట అనేవాళ్లతో కూడా వేదిక పంచుకోవద్దు, మీ కరపత్రంలో మొదటి వాక్యమే వాళ్ల హక్కుల గురించి ఉండాలి.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లు ఇప్పుడే చెయ్యగలిగింది ఒకటుంది. విద్యార్థి వీసా అయినా, వర్క్ వీసా అయినా, భారత పౌరులుగా మీరు స్థానిక కౌన్సిల్ ఓటర్ల జాబితాలో పేరు రాయించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్ని నిమిషాల పని. ఆస్పత్రిలోనో, కేర్ హోమ్‌లోనో, వేర్‌హౌస్‌లోనో చేస్తుంటే అక్కడి సంఘంలో చేరి, రెఫరెండం తేదీ రాకముందే శాఖ సమావేశంలో ఈ చర్చ పెట్టించండి. తేదీ వచ్చాక ఏ పక్షం ప్రచారాన్ని ఎవరు నడపాలో అప్పటికే వేరేవాళ్లు నిర్ణయించేసి ఉంటారు.